కోడిగుడ్లు కూసిన పూట

నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో కొడుకు పేరు బ్లెస్సన్, కోడలి పేరు దీవెన. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి, మొత్తానికి ఆశీర్వాదానికి కొదవ లేదు. కొదవంతా శాంతికే. బ్లెస్సన్ తల్లి లూర్దమ్మ మాట మిరపకాయ, కోడలి మాట మిరియం. మధ్యలో బ్లెస్సన్ ఏ రుచీ లేని మరమరం.

ఆ సోమవారం పొద్దున పోరు టిఫిన్ డబ్బా దగ్గర మొదలైంది. దీవెన తొమ్మిదిన్నరకల్లా ఉప్పల్‌లోని సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద ఉండాలి. లూర్దమ్మేమో ఆదివారం మిగిలిన కోడికూరను నింపాదిగా వేడి చేస్తోంది.

"జర జల్దీ కానియ్యి అత్తమ్మా. ఆటో పోతది."

"పొయ్యికి కాళ్ళున్నయా ఉరకనీకి? నిన్న కూర సప్పగున్నదంటివి. ఉప్పేస్తున్న, ఆగు."

"సప్పగుండెనని ఉన్న మాటే అన్న."

"ఉప్పల్‌ల పని జేస్తవ్ గద, వచ్చేటప్పుడు ఆడికెల్లి పిడికెడు ఉప్పు తేరాదు."

మంచి రోజైతే ఇద్దరూ నవ్వేవారే. దీవెనకు వీధి చివర ఆటో హారన్ వినపడింది. లూర్దమ్మ తొందరలో ఒక గిన్నె మీద ఇంకో గిన్నె మూత పెట్టి నొక్కుతోంది. అది పట్టడం లేదు.

"అది దాని మూత గాదు. మెదడు గోడౌన్ల పెట్టొచ్చినవా?" అంది దీవెన.

లూర్దమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ ఇంట్లో గోడలే గానీ గోడౌన్ లేదు. ఆ మాట ఇంట్లో పుట్టింది కాదు, బయటి సరుకు. కానీ ఎక్కడి సరుకైనా తగలాల్సిన చోటే తగిలింది.

"నేను నీ అత్తను. నీ కౌంటర్ ముంగట లైన్ల నిలబడ్డదాన్ని గాదు," అంది మెల్లగా. "తింటె తిను, లేకుంటె లేదు."

దీవెన డబ్బా ముట్టుకోకుండా చెప్పులేసుకుంది. మంచం మీద కూర్చున్న బ్లెస్సన్ నోరు తెరిచి, ఎవరి వైపు మాట్లాడాలో తేలక మూసుకున్నాడు. ఆ మూత మాత్రం చక్కగా పట్టింది.

ఉప్పల్ చౌరస్తా దగ్గరి ఆ దుకాణం పేరు సరస సూపర్ మార్కెట్. బోర్డు మీద "సరసమైన ధరలు" అని ఉంటుంది. సరసం ధరల దగ్గరే ఆగిపోయింది, లోపలంతా విరసమే. కారణం మేనేజర్ పృథ్వీ. పృథ్వీ అంటే భూమి. భూదేవికి ఓర్పెక్కువంటారు. ఈ భూమి మాత్రం గంటకోసారి కంపించేది. బార్‌కోడ్ పడకపోయినా, చిల్లర చాలకపోయినా, కస్టమర్ల ముందే ఒకటే కేక: "మెదడు గోడౌన్‌లో పెట్టి వచ్చావా?"

దీవెన మింగేది. బ్లెస్సన్ పనిచేసిన ప్యాకింగ్ కంపెనీ మూతపడి చాలా రోజులైంది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. దానికితోడు, ఒక బిల్లింగ్ అబ్బాయి సొంత మేనత్త సామాను సగమే స్కాన్ చేసి దొరికిపోవడంతో పృథ్వీ కొత్త రూలు పెట్టాడు: "మీ ఇంటివాళ్ళు లోపల కనిపిస్తే, మీరు బయట కనిపిస్తారు." ఈ సంగతి దీవెన భర్తకు చెప్పింది. అత్తకు చెప్పలేదు. అత్తాకోడళ్ళ మధ్య కొంతకాలంగా వార్తా ప్రసారాలు బంద్.

కాబట్టి ఆ మధ్యాహ్నం గాజు తలుపు తోసుకుని గుడ్డసంచితో లూర్దమ్మ లోపలికి వచ్చేసరికి దీవెన గబుక్కున తల దించుకుని బిల్లు కొట్టసాగింది. లూర్దమ్మ నేరుగా కౌంటర్ వైపు నడిచింది. కోపం తగ్గి కాదు. పస్తుండే కోడలు ఆమె కోపానికి కూడా నచ్చలేదు.

పృథ్వీ అడ్డం వచ్చాడు.

"ఏయ్, ఎక్కడికి? సంచి బయట పెట్టాలని బోర్డుంది. కనపడదా?"

"సదువు రాదు సారు."

"మెదడు కూడా గోడౌన్‌లో పెట్టి వచ్చావా? ఏముంది అందులో? తియ్యి."

లూర్దమ్మ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. ఆ మాట ఆమె అప్పటికే ఒకసారి విని ఉంది. నెమ్మదిగా సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచింది. మసాలా వాసన ఫినాయిల్ వాసనను తోసేసింది.

"చికెన్. మా ఫ్రిజ్‌లోదేనా?"

"వండిన కోడి మీ ఫ్రిజ్‌ల యాడుంటది సారు? ఉంటె సూపియ్యండి, నాకూ వంట తప్పుతది."

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది పృథ్వీకి సూదిలా గుచ్చుకుంది. ముసలామె చూపు ఎవరి మీద ఉందో పట్టుకుని దీవెన వైపు తిరిగాడు.

"నీ మనిషా?"

"కాదు సార్," అంది దీవెన.

"నిన్నే చూస్తోంది."

"నాకు తెల్వదు సార్."

"ఆఖరిసారి అడుగుతున్నా. ఈమె నీకేమవుతుంది?"

"ఏం గాదు సార్. ఎవరో కస్టమర్."

ఎటు చూడాలో తెలియక, ముందున్న కోడిగుడ్ల ట్రేని మెషీన్ కిందికి తోసింది. కీక్ మంది. కోడి కూయలేదు, కోడిగుడ్లే కూశాయి.

లూర్దమ్మ డబ్బా మూత పెట్టుకుంది. "అవు సారు, నేనెవ్వలకేం గాను. తోవ తప్పి వచ్చిన," అని సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. గాజు తలుపు అవతల ఆమె ఆటో కోసం ఎండలో నిలబడటం దీవెనకు కనిపిస్తూనే ఉంది. దీవెన బిల్లు తర్వాత బిల్లు కొట్టింది. ప్రతి బిల్లుకూ మెషీన్ కూసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి డబ్బా చాప మీద మధ్యలో ఉంది, అలాగే నిండుగా.

"ఏమైందే? అమ్మ ఒక్క మాట మాట్లాడ్త లేదు. అన్నం గూడ తినలే," అన్నాడు బ్లెస్సన్.

"ఆమెనే అడుగు," అంది లూర్దమ్మ గోడకు ఆనుకుని. "నాకు ఆమె ఎవరో తెల్వదు."

దీవెన లోపల పొద్దుటినుంచీ ఉడుకుతున్నది పొంగింది. "ఎవరు రమ్మన్నరు నిన్ను? ఇంటోళ్ళు లోపలికొస్తే నా నౌకరి పోతదని రూలున్నది. పోతే ఏం తింటవ్? నీ కొడుకు తెస్తడా?"

బ్లెస్సన్ తల దించుకున్నాడు.

"రూలున్నదని నాకెవరు జెప్పిన్రు? సరే, నౌకరి కోసం ఒక్కసారి కాదను. అర్థమైతది. మూడుసార్లంటివి. బైబిల్ల పేతురు గూడ గట్లనే, ప్రభువు ఎవరో తెల్వదని మూడుసార్లన్నడు. కోడి కూసినంక, ప్రభువు ముందుగాల జెప్పిన మాట యాదికొచ్చి ఏడ్సిండు. నీకు కోడికూర ఎదురుగ వచ్చినా యాదికి రాలే."

"ఏం జెయ్యాలె మరి? ఆని ముంగట నోరు లేస్తదా? రోజూ పదిమందిల నన్ను ఎట్ల తిడ్తడో నీకేం తెలుసు?"

"తెలుసు," అంది లూర్దమ్మ.

దీవెన అత్త వైపు తిరిగింది.

"ఇయ్యాల తెలిసింది. పొద్దుగాల నువ్వు నన్నొక మాటంటివి సూడు, మెదడు గోడౌన్ల పెట్టొచ్చినవా అని. ఆడు గూడ గదే అన్నడు. ఒక్క అచ్చరం ఇటుగాలే అటుగాలే." లూర్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అవుతల ఆటో కోసం నిలబడ్డప్పుడు అనుకున్న. ఇన్నొద్దులూ నేను నా కోడలితోని కొట్లాడుతున్న అనుకుంటి. కాదు. ఆనితోని కొట్లాడుతున్న. ఆడు ఆడ తిట్టేదంత నువ్వు మోసుకొచ్చి ఈడ దించుతున్నవ్. నీకు ఇంకేడ దించనీకి జాగ లేదు గద బిడ్డా."

"బిడ్డా" అన్న పిలుపు విని చాలా కాలమైంది. దీవెన డబ్బా ముందు కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. ఏడుపు మధ్య ఆమె అన్నది ఒకటే: "తప్పయింది అత్తమ్మా. నీకు ఎండల నిలబడే గతి పట్టించిన."

లూర్దమ్మ దగ్గరికి జరగలేదు. అంత తొందరగా కరిగే వెన్న కాదు ఆమె. డబ్బాను మాత్రం కాలితో కొంచెం కోడలి వైపు జరిపింది.

మర్నాడు దుకాణం తెరిచి, లైన్ పెరిగాక, పృథ్వీ అలవాటుగా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. దీవెన స్కానర్ పక్కన పెట్టింది.

"సార్, నిన్న వచ్చినామె మా అత్తమ్మ. అబద్ధం చెప్పిన."

"ఓహో. అబద్ధాలు కూడానా?"

"మీకు భయపడి చెప్పిన. ఆమె ఒక్క సబ్బు గూడ ముట్టలే సార్. నాకు అన్నం తెచ్చింది. పెద్దమనిషితోని అందరి ముంగట డబ్బా తెరిపించిన్రు. అది మీకు బాగలేదు."

లైన్లో ఉన్నవాళ్ళు ఫోన్ల నుంచి తలలెత్తారు. అరటిపండ్లు పట్టుకున్న ఒక పెద్దాయన పృథ్వీనే చూస్తున్నాడు. అక్కడికక్కడే వెళ్ళగొట్టే మాట పృథ్వీ నాలుక దాకా వచ్చింది గానీ, అన్ని కళ్ళు చూసి వెనక్కి తగ్గింది.

"ఈ ముఖం కౌంటర్ మీద కనపడకూడదు. ఇప్పుడే గోడౌన్‌కి పో. బస్తాలు లెక్కపెట్టుకో."

దీవెన మెడలోని కార్డు సర్దుకుంది. "పోత సార్. నా మెదడు ఆడనే ఉన్నదని రోజూ మీరే అంటిరి గద. పోయి తెచ్చుకుంట."

ఈసారి లైనంతా నవ్వింది. ఏళ్ళ తరబడి కౌంటర్ మీద నిలబడ్డ దీవెన కౌంటర్ ఇవ్వడం అదే మొదటిసారి. పృథ్వీ కంపించాడు గానీ, ఆ భూకంపంలో గోడలేవీ కూలలేదు.

గోడౌన్ దుకాణం వెనక సందులో ఉంది. బియ్యం బస్తాలు, దుమ్ము, ఒక రేకు గేటు. గేటు దగ్గర బిక్షపతి అనే వాచ్‌మన్. ఆయనకు చెవులు అలంకారానికే.

దీవెన బ్లెస్సన్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది. మధ్యాహ్నం ఆ గేటు ముందు గుడ్డసంచితో లూర్దమ్మ నిలబడింది. దీవెన చేతుల దుమ్ము దులుపుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఎవరమ్మా ఈమె?" అడిగాడు బిక్షపతి.

"మా అత్తమ్మ."

"ఆఁ? ఎవరంటివి?"

"మా అత్తమ్మ."

బిక్షపతి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "జర గట్టిగ జెప్పు బిడ్డా."

"మా అత్తమ్మ, తాతా," అంది దీవెన, సందంతా వినపడేలా.

లూర్దమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "సాలు, సాలు. లెక్క సరిపాయె," అంటూ బస్తా మీద కొంగు పరిచి డబ్బా విప్పింది. ఈసారి గిన్నె మీద దాని మూతే ఉంది.

దీవెన కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళలోంచి కారుతున్నది గడ్డం మీదుగా అన్నంలో పడుతోంది.

"ఉప్పు సూడు. సరిపోయిందా?" అంది లూర్దమ్మ.

"ఇప్పుడు సరిపోయింది అత్తమ్మా," అంది దీవెన.