చెంచాడు ఆముదం

ఆ ఉదయం కూడా సత్యవేదం గారింట్లో అందరూ మామూలుగానే లేచారు, మామూలుగానే పళ్ళు తోముకున్నారు, మామూలుగానే నోరు మూసుకున్నారు. ఏలూరు మొత్తం మీద అంత నిశ్శబ్దంగా తెల్లవారే ఇల్లు ఇంకోటి లేదు. ఆ వీధి కాకులు సైతం వాళ్ళ గోడ మీద వాలి, ఒకసారి అటూ ఇటూ చూసి, అరవకుండా ఎగిరిపోయేవి.

కారణం ఆముదం.

సత్యవేదం మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. ఆయన ఒక్కగానొక్క కూతురు ఎలిజబెత్ ఆడపిల్లల బడిలో టీచరు. ఇంగ్లాండులో టీచర్ల కాలేజీకి జిల్లా నుంచి ఒక్క అమ్మాయిని పంపిస్తామని మిషన్ వాళ్ళు అన్నప్పుడు ఎలిజబెత్ రాతపరీక్ష రాసింది, నెగ్గింది. ఇక మిగిలింది మాటపరీక్ష. మద్రాసు నుంచి ఒక దొరసాని నేరుగా ఇంటికే వచ్చి, టీ తాగుతూ పిల్లతో మాట్లాడి, తగునో తగదో రిపోర్టు రాస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజునే సత్యవేదం వంటింటి గుమ్మంలో నిలబడి చట్టం చదివాడు. పరీక్ష అయ్యేదాకా ఈ ఇంట్లో తెలుగు వినపడకూడదు. దొర్లితే, చెంచాడు ఆముదం.

"ఇంగ్లీషు గాలి పీలిస్తేనే ఇంగ్లీషు వస్తుంది" అన్నాడాయన. అది తెలుగులో అన్నందుకు మొదటి చెంచా ఆయనే తాగాడు. న్యాయం తప్పే మనిషి కాదు.

ఆయన తల్లి పాపమ్మకి మాత్రం ఈ చట్టం అంటలేదు. ఆవిడ ఏనాటి నుంచో రోజూ పరగడుపున ఆముదం తాగుతోంది. మొదటి వారంలో ఆవిడ మాట్లాడిన మాటలకి సీసా ఖాళీ అయింది, ముఖం నిగనిగలాడింది, ఆకలి పెరిగింది. ఖర్చు భరించలేక సత్యవేదం ఆవిణ్ణి చట్టంలోంచి తప్పించాడు.

చిక్కల్లా ఎలిజబెత్ తల్లి సారమ్మతో వచ్చింది. ఆమె పుట్టిల్లు కొల్లేటికోట. ఈ పడవలో మనిషి ఆ పడవలో మనిషితో కేకేసి మాట్లాడుకునే లంకలో పెరిగింది కాబట్టి ఆమెకి గొంతూ ఎక్కువే, మాటలూ ఎక్కువే. ఇంగ్లీషులో వచ్చినవి మాత్రం మూడే: నో, థాంక్యూ, గుడ్ నైట్. మొగుడితో నో అంటే బాగుండదని దాన్ని పక్కన పెట్టింది. గుడ్ నైట్ పెద్దమనుషులు వచ్చినప్పటికని దాచుకుంది. ఇక సంసారమంతా థాంక్యూ మీదే నడిచింది.

అన్నానికి పిలిచే థాంక్యూ వేరు, పాలలో నీళ్ళు కలిపినందుకు దులిపే థాంక్యూ వేరు. ఒకనాడు పిల్లి చేపముక్క ఎత్తుకుపోతుంటే ఆమె అన్న థాంక్యూకి ఆ పిల్లి ముక్క వదిలేసి, రెండిళ్ళ అవతలికి కాపురం మార్చేసింది.

ఎలిజబెత్‌కి ఇదేమీ పట్టలేదు. ఈ సీటు పోతే మళ్ళీ రాదన్న భయంతో ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, ఇంకా రాని దొరసానితో మాట్లాడుతూ, ఆవిడ అడగని ప్రశ్నలకి జవాబులు చెబుతూ ఉండేది. పైగా ఒంటి మీద ఉన్ని కోటు. ఎవరో దొర వదిలేసిన కోటుని సత్యవేదం కత్తిరింపించి, చలి అలవాటు కావాలని రోజూ కాసేపు తొడిగించేవాడు. నడివేసవిలో కోటు తొడిగితే చలి ఎలా అలవాటవుతుందిరా అని పాపమ్మ అడిగింది. ఆయన ఇంగ్లీషులో జవాబు చెప్పాడు కాబట్టి ఆవిడకి అర్థం కాలేదు.

అప్పుడప్పుడు సారమ్మ వరండా గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఏదో చెప్పబోయి నోరు తెరిచేది, సీసా వైపు చూసేది, మూసేది. చివరికి మెల్లగా "థాంక్యూ" అనేది. అన్నానికి పిలుస్తోందనుకుని ఎలిజబెత్ ఇంగ్లీషులో ఆకలి లేదని చెప్పి, మళ్ళీ అటు తిరిగి నడిచేది.

దొరసాని వచ్చే ముందురోజు రిహార్సలు పెట్టారు. దొరసాని వేషం పోస్టుమాస్టరు జగ్గారావుకి ఇచ్చారు. ఆ వీధిలో టోపీ ఉన్నది ఆయనకే. ఆయన కాలు మీద కాలేసుకుని, గొంతు సన్నం చేసి, వాతావరణం ఎలా ఉందని అడిగాడు. ఎలిజబెత్ కోటులో ఉడుకుతూ చాలా ఆహ్లాదంగా ఉందని చెప్పింది. అంతలో సారమ్మ ఉతికిన చీర కట్టుకుని, టీ పళ్ళెం పట్టుకుని, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట వాడే రోజు వచ్చిందన్న సంబరంతో వరండాలోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయనకి తల వంచి "గుడ్ నైట్" అంది.

జగ్గారావు నవ్వాపుకోలేకపోయాడు. "ఇంకా చాలా పొద్దుందండీ సారమ్మగారూ. అప్పుడే పడుకోమంటే ఎలాగండీ?" అన్నాడు. సారమ్మ చేతిలో పళ్ళెం ఒరిగి టీ ఆయన టోపీలో పడింది.

ఎలిజబెత్ ముఖం ఎర్రబడింది. ఇన్ని నెలల్లో ఆమె తల్లితో మాట్లాడిన మొదటి తెలుగు మాట అప్పుడొచ్చింది.

"రేపు నువ్వు బయటికి రాకమ్మా. నా పరువు పోతుంది."

పాపమ్మ తన మూల నుంచి, "చెంచా తేరా సత్యవేదం. ఈ మాటకి సీసాడు పట్టాలి" అంది. సత్యవేదం సీసా తీశాడు, కూతురి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మూత పెట్టేసి అలమరలో పెట్టాడు. చట్టం తప్పడం ఆయనకి అదే మొదటిసారి.

సారమ్మ పళ్ళెం కింద పెట్టి "థాంక్యూ" అంది. ఇది కొత్త రకం థాంక్యూ. ఇంట్లో ఎవరికీ దీని అర్థం తెలియలేదు.

తెల్లారేసరికి ఆమె ఇంట్లో లేదు. ఊళ్ళో చేపలు దింపి తిరిగెళ్ళే బండి ఎక్కి పుట్టింటికి పోయిందనీ, తనే దగ్గరుండి ఎక్కించాననీ పాపమ్మ చెప్పింది. వెంటనే వెళ్ళి తీసుకొస్తానని సత్యవేదం చెప్పులు వేసుకున్నాడు. అంతలో వీధిలో దొరసాని జట్కా ఆగింది.

దొరసాని సన్నగా, పొడుగ్గా, తెల్లజుట్టుతో ఉంది. ఎలిజబెత్ అన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది. ఏలూరు తివాచీల గురించి చెప్పింది, బడిపిల్లల గురించి చెప్పింది, ఆవిడ అడగకపోయినా ఇంగ్లాండు రాజుల పేర్లు వరసగా చెప్పింది. దొరసాని రాజుల దగ్గర కొంచెం ఆవలించింది. తర్వాత కప్పు పట్టుకుని, నువ్వింత దూరం వెళ్తున్నావు కదా, మీ అమ్మ ఏమన్నారు అని అడిగింది.

తల్లి మీద కూడా వ్యాసం తయారుగానే ఉంది. తన తల్లి దైవభక్తి గల నిరాడంబరురాలని ఎలిజబెత్ మొదలుపెట్టింది. దొరసాని చెయ్యెత్తి ఆపింది. ఆవిడ ఎలాంటివారని కాదు, ఏమన్నారని అడుగుతున్నాను అంది.

ఎలిజబెత్ వెతుక్కుంది. బుర్రలో రాజులున్నారు, నదులున్నాయి, వ్యాకరణం ఉంది. అమ్మ మాట ఒక్కటీ లేదు. థాంక్యూలు మాత్రం వరసగా గుమ్మంలో నిలబడి ఉన్నాయి. అవి అన్నానికి పిలవడానికి వచ్చినవి కావని అప్పటికి తెలిసింది. మా ఇంట్లో అమ్మకి మాట్లాడే అనుమతి లేదండీ అని ఇంగ్లీషులో తప్పుల్లేకుండా చెప్పి, చట్టం సంగతంతా చెప్పేసింది.

దొరసాని చెంచా చూపించమంది. చూసి, చాలా పెద్దదని సత్యవేదంతో అంది. తర్వాత గొడుగు తీసుకుని లేచింది. ఆ జవాబు తెచ్చాకే రిపోర్టు రాస్తానని, తాను రేపటిదాకా మిషన్ బంగళాలో ఉంటానని చెప్పి వెళ్ళిపోయింది.

ఎలిజబెత్ అలమరలోంచి సీసా, చెంచా తీసి కోటు జేబులో వేసుకుని అదే జట్కా వెనక పరిగెత్తింది. అది దొరసానిని బంగళాలో దింపాక అందులోనే కొల్లేటి ఒడ్డుకి చేరింది.

వేసవికి కొల్లేరు వెనక్కి తగ్గినా దోనె నడిచేంత నీరుంది. ఆ ఎండలో ఉన్ని కోటు చూసి దోనె నడిపే మనిషి, "చలిజ్వరమా అమ్మా?" అని జాలిగా అడిగాడు. ఆమె అవునంది. కొంగలు కూడా ఒంటికాలి మీద ఆగి ఆమెనే చూశాయి.

లంక కనపడకముందే అమ్మ గొంతు వినపడింది. నీళ్ళ మీదుగా, నిండుగా, ఆపకుండా వస్తోంది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో ఎలిజబెత్‌కి ఆ దోనెలోనే తెలిసింది. సారమ్మ ఒడ్డున వదినతో కూచుని చేపలు శుభ్రం చేస్తూ పిల్లి సంగతీ, పాలవాడి సంగతీ చెప్పేసి, కూతురి సంగతికొచ్చింది.

"మా పిల్ల ఇంగ్లీషు మాట్లాడుద్ది వదినా, లాకులెత్తితే కాలవ వచ్చినట్టే. నాకొక్క ముక్క అర్థమవదు. అయినా తలుపు వెనక నిలబడి వింటానే ఉంటాను."

దోనె ఒడ్డుకి తగిలింది. సారమ్మ తలెత్తి కూతుర్ని చూసింది. నవ్వుతున్న నోరు టక్కున మూసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బడిపిల్లలా లేచి నిలబడి "థాంక్యూ" అంది.

ఎలిజబెత్ దోనె దిగింది. జేబులోంచి సీసా తీసింది. చెంచా నిండా ఆముదం పోసుకుని తాగింది. ముఖం అష్టవంకర్లు పోయింది.

"ఇది నిన్నటి మాటకి" అంది. మళ్ళీ పోసుకుని తాగింది. "ఇది ఇప్పుడు అడగబోయేదానికి. నేను వెళ్తుంటే నీకేమనిపిస్తోందమ్మా?"

సారమ్మ చేతులు చీరకి తుడుచుకుంది. కూతురి చేతిలో చెంచా లాక్కుంది.

"వెళ్ళొద్దని నేననలేదే. నువ్వెళ్తావని నాకు తెలుసు. ఈలోగా నీకు చెప్పుకోవాల్సినవి ఎన్నున్నాయే. ఒంట్లో బాగోపోతే ఏం తినాలో, పరాయిచోట ఎవర్ని నమ్మాలో, నువ్వు కడుపులో ఉండగా నేనీ నీళ్ళ మీద ఎంత ఏడ్చానో. అవన్నీ థాంక్యూలో ఎంతని కుక్కను?"

ఎలిజబెత్ ఆ చేపల చేతుల్లోనే తలపెట్టి ఏడ్చింది. ఉన్ని కోటుకి ఆనాడు పట్టిన కొరమేను వాసన ఆ తర్వాత ఇంగ్లాండు చలికి కూడా వదల్లేదు.

మర్నాడు సారమ్మ తానే మిషన్ బంగళాకి వచ్చి, పదిగంటల ఎండలో దొరసానికి గుడ్ నైట్ చెప్పింది. దొరసాని లేచి నిలబడి, తల వంచి, గుడ్ నైట్ అంది. జవాబుని ఎలిజబెత్ ఇంగ్లీషులో వినిపించింది. కొన్నిచోట్ల ఇంగ్లీషు చాల్లేదు, తెలుగులోనే ఉంచేసింది. దొరసాని అక్కడే రిపోర్టు రాసింది. సీటు వచ్చింది.

ప్రయాణం దాకా ఆ ఇంట్లో సారమ్మ మాట్లాడని క్షణం లేదు. కాకులు తిరిగొచ్చాయి గానీ వాటికి సందు దొరకలేదు. పిల్లి కూడా కాపురం మార్చుకుని వచ్చేసింది.

ఏలూరు స్టేషనులో రైలు కూత వేసేదాకా సారమ్మ కిటికీ పట్టుకుని చెబుతూనే ఉంది. రైలు కదిలాక మాత్రం ఎంత వెతికినా మాట దొరకలేదు. కిటికీ మీద ఉన్న కూతురి చేతిని వదిలేసి, "థాంక్యూ" అంది.

ఈసారి అది ఏ రకందో ఎలిజబెత్‌కి తెలుసు. కిటికీలోంచి సగం బయటికి వంగి, "వెళ్ళొస్తానమ్మా" అని ప్లాట్‌ఫారమంతా వినపడేలా తెలుగులో అరిచింది. సత్యవేదం జేబులు తడుముకున్నాడు. చెంచా కోసం కాదు, చేతిగుడ్డ కోసం.