మాస్టారి పెన్సిల్ చుక్క

మల్కాజ్‌గిరి స్టేషన్లో రామభద్రరావు మాస్టారిని ఎవరో రైలు కిందికి తోసేసి నేటికి వారం. పేపర్లో మాత్రం కాలు జారి పడ్డారని నాలుగు లైన్లు వేశారు. నలభై ఏళ్లు ఫ్రెంచి చెప్పిన మనిషికి నాలుగంటే నాలుగే లైన్లు! ఏజెంట్ రాఘవేందర్ ఆ ముక్క చించి జేబులో దాచుకున్నాడు. బ్రీఫింగ్ రూమ్‌లో కూర్చున్నాడన్న మాటే గానీ మనసు అక్కడ లేదు.

"వినవయ్యా," అన్నాడు చీఫ్ నరసరాజు. "పోయింది మిసైల్ వాల్వ్. కొనేది విదేశీ ముఠా. తీసుకెళ్లడానికి వచ్చినవాడు ఇవాన్. వాళ్ల ఇంజినీర్లకు ఫ్రెంచి తప్ప రాదు. అందుకని దాని ఇంగ్లీషు మాన్యువల్‌ను ఐస్ ఫ్యాక్టరీ మెషీన్‌దని బొంకి మీ మాస్టారికిచ్చారు. ఆయన తిరిగి ప్రశ్నలు వేశారు, చంపేశారు. ఇవాళ పదకొండుకి పద్మారావు నగర్లో వాల్వ్ చేతులు మారుతుంది. కబురు శ్రీలలితది."

శ్రీలలిత! ముఠాలో మన డబుల్ ఏజెంట్. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, నాలుగు పాస్‌పోర్టులు. ఒకప్పుడు రెండు జడలతో రాఘవేందర్ పక్కన కూర్చుని మాస్టారి దగ్గర ఫ్రెంచి నేర్చుకున్న పిల్ల. మొన్న శ్మశానంలో అతని చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆమె పంపిన ఫోటో ఇది. మాస్టారు చివరిగా అనువదించిన పేజీ. వాల్వ్‌ను తను కూడా ఇంకా చూడలేదంది."

రాఘవేందర్ పేజీ చూశాడు. టైపు అక్షరాల మధ్య, స్ప్రింగ్‌కూ సీల్‌కూ రాసిన రెండు ఫ్రెంచి మాటల కింద సన్నగా పెన్సిల్ చుక్కలు.

మాస్టారిది వింత పట్టుదల. ఇంగ్లీషులో స్ప్రింగ్ అని ఉంటే, వసంతమైతే 'ప్రింతాం', నీటి ఊటైతే 'సూర్స్', చుట్టలు తిరిగిన తీగైతే 'రెసోర్'. సీల్ అని ఉంటే, రాజముద్రకు 'సో', లీకు ఆపే రబ్బరుకు 'జ్వాన్', సముద్రంలో ఈదే జంతువుకు 'ఫోక్'. "ఫోన్నడిగితే ఏదో ఒకటి చెబుతుందర్రా! మనం వస్తువును కళ్లారా చూడాలి. చూశాకే మాట కింద చుక్క. చూడకపోతే చుక్క పెట్టే హక్కు లేదు" అనేవారు. ఒక్క మాట కోసం గొడుగేసుకుని మోండా మార్కెట్‌కు పోయి, మోటారు పంపు విప్పి చూపించమని కొట్టువాణ్ణి వేధించిన మనిషి. ఆ చుక్క సంగతి ఎరిగినవాళ్లు లోకంలో ముగ్గురే. ఆయన, రాఘవేందర్, శ్రీలలిత.

చనిపోయే రోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు. "ఒరేయ్ రాఘవా, ఆ మెషీను చూపించమంటే చూపించరు. చూడకుండా ఎలా రాస్తానురా?"

ఆయన చూడలేదు. మరి ఈ చుక్కలు పెట్టిందెవరు? తెలిసిపోయింది. తెలిసినందుకు ఏడుపొచ్చింది. అయినా శ్రీలలితకు డయల్ చేశాడు.

"పాలు పొంగినయా?"

"ఇంకా లేదు," కోడ్ ప్రకారం బదులిచ్చింది. "పద్మారావు నగర్లోనే ఉన్నాను."

ఆమె గొంతు వెనక మార్కెట్ కేకలు. దగ్గర్లోనే ఇత్తడి బిందెల మీద సుత్తి దెబ్బలు. చిన్నప్పటి నుంచీ విన్న చప్పుడు. మోండా మార్కెట్ ఇత్తడి సందు!

"సార్, టీమ్‌ను మోండా మార్కెట్‌కు తిప్పుండ్రి. జల్ది!"

పదకొండుకి రెండు నిమిషాలు. తలకు తువ్వాలు చుట్టి, హమాలీ వేషంలో ఉల్లిగడ్డల బండి తోస్తున్నాడు రాఘవేందర్. సందు చివర నల్లకారు, ఇంజన్ ఆన్‌లో ఉంది. కిటికీలోంచి ఇవాన్ చెయ్యి చాచాడు. శ్రీలలిత ఇత్తడి బిందె అందిస్తోంది.

రాఘవేందర్ బండిని కారుకు అడ్డంగా బోర్లించాడు. ఉల్లిగడ్డలు సందంతా దొర్లాయి. కదలబోయిన కారు గుద్దుకుని ఆగింది. ఇవాన్ వేళ్లు బిందె అంచును తాకే లోపు దాన్ని లాగేశాడు. లోపల గుడ్డలో చుట్టిన వాల్వ్. అప్పటికి టీమ్ వచ్చి ఇవాన్‌ను బయటికి లాగింది.

శ్రీలలిత పారిపోలేదు. కళ్లద్దాలు తీసింది.

"ఎలా పట్టుకున్నావు, రాఘవా?"

అతను ఫోటో చూపించాడు. "చుక్కలెందుకు పెట్టినవ్?"

"పెట్టానా?" ఆమె వంగి చూసింది. మొహం పాలిపోయింది. "నాకు తెలీనే తెలీదు రా. వాల్వ్ పక్కన పెట్టుకుని మిగిలిన అనువాదం పూర్తి చేశాను. చెయ్యి దానంతటదే పెట్టేసింది."

"సార్‌ను నువ్వే తోసినవా?"

"లేదు. ఏ రైలుకు వస్తారో చెప్పాను. అంతే."

అంతే! కొడదామని రాఘవేందర్ చెయ్యి లేచింది, కొట్టలేకపోయాడు. ఆమె ఏడుస్తుంటే తల మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. తర్వాత తనే బేడీలు వేశాడు.

సాయంత్రం రిపోర్టు రాశాడు. మాస్టారి చావుకు బాధ్యులెవరు అన్న గడిలో శ్రీలలిత పేరు రాయడానికి గంట పట్టింది.

నరసరాజు చదివి కళ్లజోడు సర్దుకున్నాడు. "వాల్వ్ దక్కింది. ఢిల్లీ నుంచి మెచ్చుకోలు వస్తుంది. అవునుగానీ, ఈ అమ్మాయి పేరు కింద ఏమిటయ్యా ఈ మచ్చ? చెరిపెయ్యనా?"

"వద్దు సార్," అన్నాడు రాఘవేందర్. "కళ్లారా చూసిన."