వీరాస్వామి నోరు విప్పిన రోజు

ఎర్ర గీత మళ్ళీ పైకి లేచింది. గోడంత స్క్రీన్ మీద అది లేవడం చూసి గ్యాలరీలో కూర్చున్న అమ్మలూ నాన్నలూ ఒక్క గొంతుతో "అయ్యో!" అన్నారు. మంచం మీది రోగి "అమ్మో, అమ్మో" అని మూలిగాడు. పక్కన సూది పట్టుకుని నిలబడ్డ అమ్మాయి బిక్కచచ్చిపోయింది.

"ఫెయిల్" అంది స్పీకరు. "తర్వాతి అభ్యర్థి రావాలి."

పొద్దుటినుంచీ ఇదే వరస. బందరు మీదికి సముద్రం రాకుండా కొండంత గోడ కట్టారు కదా, ఆ గోడను ఆనుకునే ఉంటుంది కరుణాలయ నర్సింగ్ కాలేజీ. గోడ మీద ట్రాములు పోతుంటే కిటికీ అద్దాలు గలగలలాడతాయి. ఆరోజు అడ్మిషన్ పరీక్ష. లోపలికి వెళ్ళినవాళ్ళంతా నవ్వుతూ వెళ్ళి ఏడుస్తూ వస్తున్నారు. అద్దాల తలుపు వెనక వరసలో చిట్టచివర నిలబడి కెజియా ఇదంతా చూస్తోంది. కళ్ళు మంచం మీంచి తిప్పడం లేదు.

ఆ మంచం మీదున్నది మనిషి కాదండోయ్. దగ్గరికెళ్ళి చూస్తే మీరైనా నేనైనా మోసపోవాల్సిందే. నెరిసిన మీసం, ఎండకు కమిలిన మెడ, అరచేతుల్లో తడి. దేవుడు మనిషిని మట్టితో చేశాడు. ఈ కాలేజీ నడిపే డాక్టర్ విశాలాక్షి ఈ వీరాస్వామిని సిలికాన్‌తో చేసింది. ఊపిరి ఊదడం ఒక్కటే ఆయన సొత్తు గనక, ఆవిడ దానికి బదులు ఒక పంపు అమర్చింది. చర్మం నిండా సెన్సర్లు. గొంతేమో ఆసుపత్రి వార్డుల్లో ఏళ్ళ తరబడి రికార్డు చేసిన రోగుల మాటల్లోంచి నేర్చుకున్న బందరు గొంతు.

"నొప్పిలో సగం గాయానిది, సగం భయానిది" అనేది విశాలాక్షి, ఎవరు అడిగినా. "సూది ఎవరు గుచ్చినా గాయం ఒకటే. భయాన్ని దించగలిగినవాళ్ళే నర్సులు. నా యంత్రం ఆ రెండు సగాలనూ రెండు మీటర్లతో కొలిచి, మొత్తం నొప్పిని ఎర్ర గీతగా చూపిస్తుంది. ఆ గీత సూది దిగే క్షణానికి పదికి నాలుగు లోపల ఉంటే సీటు. మార్కులతో నాకు పని లేదు."

ఇంకో సంగతి కూడా చెప్పేది. వీరాస్వామికి జ్ఞాపకం ఉంది. ఒక పరీక్ష కాగానే అది చెరిపేసి కొత్తవాడిలా కూర్చోబెట్టడం ఆవిడకు ఇష్టం లేదు. నిన్నటి నొప్పి గుర్తులేనివాడు రోగి ఎట్లా అవుతాడు?

మార్కులతో పని లేదన్న ఆ ఒక్క మాట కోసమే కెజియా ఇక్కడికి వచ్చింది. బీఎస్సీలో ఆమెకు వచ్చింది నలభై రెండు శాతం, అదీ సప్లిమెంటరీల మీద సప్లిమెంటరీలు రాసి. చదవలేదు, అంతే. కంప్యూటర్ల క్లాసు ఎగ్గొట్టి గిలకలదిండి హార్బరుకు పోయి, చేప ముళ్ళు దిగినవాళ్ళకి ముళ్ళు తీసే అమ్మ పక్కన కూర్చునేది. నర్సు కావాలని మనసులో పడేసరికి మార్కుల మెమో చేతికొచ్చేసింది. ఎక్కిన ప్రతి కాలేజీ గడపా ఆ మెమో చూసి వెనక్కి పంపింది. ఒకచోటైతే వాచ్‌మన్ కూడా పర్సంటేజీ అడిగాడు. వయోపరిమితి ఈ ఏటితో సరి. ఇక్కడా కాదంటే రొయ్యల ప్యాకింగు ప్లాంటే.

పోనీ కోచింగు తీసుకుందామని ఊళ్ళో పేరుమోసిన 'చల్లనిచెయ్యి' కోచింగ్ సెంటరుకి కూడా వెళ్ళింది. వీరాస్వామి పుట్టిన ఏడాదే అదీ పుట్టింది. మన ఊళ్ళో పరీక్ష ఉండి కోచింగు లేకపోవడమా! దాని యజమాని ప్రసన్నాంజనేయులు గారు మెమో చూసి పెదవి విరిచాడు.

"మాకు డిగ్రీలో అరవై దాటినవాళ్ళే కావాలమ్మా."

"జాలిపడటం నేర్చుకోవడానికి అరవై శాతం ఎందుకు సార్?"

"రిజల్ట్స్ చూపించాలి కదమ్మా!"

అలా కోచింగ్ లేకుండానే వరసలో నిలబడింది. గ్యాలరీలో తల్లి మార్తమ్మ కొంగు తల మీద కప్పుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. పిల్లకు అరవై ఇవ్వని ప్రభువు ఆ నాలుగు లోపల ఉండే గీత ఇవ్వకపోతాడా అని ఆమె ఆశ.

ఇంకో అబ్బాయి లోపలికెళ్ళాడు. అందరిలాగే కుడి అరచెయ్యి రోగి ఎడమ భుజం మీద వేశాడు. అందరిలాగే తేనెలో ముంచిన గొంతుతో అన్నాడు: "భయపడకండి, నేనున్నాను. నొప్పి తెలియదు."

గీత భగ్గున లేచింది.

కెజియా ట్రే వైపు చూసింది. సూది ఇంకా ట్రేలోనే ఉంది! గీత సూదికి లేవడం లేదు, మాటకి లేస్తోంది! హార్బరులో జెల్ల చేప విషపు ముల్లు దిగిన పిల్లలు గుర్తొచ్చారు ఆమెకు. అమ్మ ముల్లుని ముట్టుకోకముందే, కొంగు నడుముకి బిగించగానే కెవ్వుమనేవాళ్ళు. కొంగు బిగిస్తే తర్వాత ఏమొస్తుందో వాళ్ళకి తెలుసు. చల్లనిచెయ్యి వాళ్ళు అందరికీ ఒకే చెయ్యి, ఒకే మాట నేర్పారు. ఆ మాట వెనకాలే సూది వస్తుందని వీరాస్వామి నేర్చుకున్నాడు.

"చివరి అభ్యర్థి" అంది స్పీకరు.

కెజియా వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది. చెయ్యి ఎక్కడా వెయ్యలేదు.

"బాబాయ్, నా పేరు కెజియా."

వీరాస్వామి ఒక కన్ను తెరిచాడు. "నువ్వూ గుచ్చడానికేగా?"

"అవును."

గ్యాలరీలో గుసగుసలు. ఆ మాట అనకూడదని కోచింగులో మొదటి రోజే చెప్తారట.

"నొప్పెడుతుందా?"

"పెడుతుంది. జెల్ల ముల్లంత కాదుగానీ, పెడుతుంది."

"మరి వచ్చినవాళ్ళంతా తెలియదు తెలియదన్నారే!"

"వాళ్ళకేం తెలుస్తుంది బాబాయ్, గుచ్చించుకునేది నువ్వాయె."

గీత కొంచెం తగ్గి, ఆరు దగ్గర తచ్చాడింది. చాలదు. ట్రేలోంచి సూది తీస్తుంటే మళ్ళీ పైకి పాకడం మొదలెట్టింది. కెజియా ఆగింది.

"మా హార్బర్లో ఒక ఆచారం ఉంది బాబాయ్. ముల్లు తీసేవాళ్ళని, తీయించుకునేవాళ్ళు తిట్టాలి. మా అమ్మ రోజూ తిట్లు తింటుంది. తిట్టకపోతే విషం లోపలే ఉండిపోతుందంటారు. నువ్వు కూడా నన్ను తిట్టు."

"ఆడపిల్లవి, నిన్నేమని తిట్టను తల్లీ?"

"గుచ్చేది నేనేగా, నాకు దక్కాల్సిందే. కానివ్వు."

వీరాస్వామి మీసం కదిలింది. "నీ... నీ చెయ్యి బెణక."

"ఓస్ ఇంతేనా! మా పేటలో పాలు తాగే పిల్లలు నయం."

గ్యాలరీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మార్తమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. ప్రార్థన సగంలో ఆపేసి లేచి నిలబడింది. "గట్టిగా తిట్టు అన్నా! దాని తల్లిని నేనే, నేనేమీ అనుకోను!"

వార్డుల్లో రికార్డు చేసినప్పుడు తిట్లు కూడా ఎక్కాయి మరి. ఇన్నాళ్ళూ వాటిని అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు గేటు తీసినట్టయింది.

"నీ దుంపతెగ! నీ మొహం మండ! పొద్దుటినుంచీ ఒకరి తర్వాత ఒకరు, నన్నేమన్నా జల్లెడ అనుకున్నార్రా! నొప్పి తెలియదంట, నీ నోట్లో మన్ను పొయ్య, నీకు పొడిస్తే తెలుస్తుంది..."

"అయిపోయింది బాబాయ్."

"ఏది? ఎప్పుడు?" అని వీరాస్వామి తన చెయ్యి చూసుకున్నాడు. సూది వచ్చి వెళ్ళింది. దూది కూడా పడింది. గీత రెండు దగ్గర, మధ్యాహ్నపు సముద్రంలా పడుకుని ఉంది.

అప్పుడు లేచిన చప్పట్లకి పైన పోయే ట్రాము మోత కూడా వినపడలేదంటే నమ్మండి! ఫెయిలైన పిల్లలు కూడా ముక్కులు చీదుకుంటూ చప్పట్లు కొట్టారు. మార్తమ్మ చేతులెత్తి "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అంటూ పక్కావిడను వాటేసుకుంది. ఆ పక్కావిడ ఎవరో ఆమెకు తెలియదు.

విశాలాక్షి మెట్లు దిగి వచ్చింది. సీటు కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టి, "మీ మార్కులు చూడొచ్చా? రూలు కాదు, ఊరికే" అంది.

కెజియా మెమో ఇచ్చింది.

"ఇంత తక్కువ మార్కులు నేనెక్కడా చూడలేదమ్మా!"

"నేను చూశాను మేడమ్. రెండో సెమిస్టరులో."

విశాలాక్షి పకపకా నవ్వింది. కెజియా తాను గమనించింది చెప్పింది. చల్లటి చెయ్యి, తియ్యటి మాట, వెంటనే సూది. వింటుంటే ఆవిడ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "జ్ఞాపకం ఇచ్చాను, అందులో ఏం నిండుతుందో ఆలోచించలేదు" అంది. "ఇప్పుడేం చేద్దాం?"

"సూది లేకుండా ఎవరన్నా వచ్చి ఆయన దగ్గర కూర్చుంటారా మేడమ్?"

"ఎందుకు కూర్చుంటారు?"

"అదే మేడమ్. అడుగు చప్పుడైతే చాలు సూదే అనుకోడా మరి?"

ఆ రోజునుంచి క్లాసులయ్యాక సాయంత్రాలు వీరాస్వామి దగ్గర కెజియాకు డ్యూటీ వేశారు. పని ఏమీ లేదు. అనాటమీ పుస్తకం పైకి చదువుకునేది. ఎముకల పేర్లు తప్పు చెబితే వీరాస్వామి దిద్దేవాడు. మొదటి పరీక్షలో పాసైన రోజు హార్బరునుంచి వేయించిన చేప తెచ్చి, ఆయన తినలేడు గనక ముక్కు దగ్గర పెట్టింది.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు, వాసన చూసి.

ఏడాది తిరిగింది. బందరు వీధుల్లో చల్లనిచెయ్యి వాళ్ళ కొత్త బోర్డులు లేచాయి: 'కెజియా మెథడ్! తిట్టించుకోవడంలో స్పెషల్ బ్యాచ్!' పరీక్ష రోజున పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, స్టూలు లాక్కుని, తేనెలో ముంచిన గొంతుతో "బాబాయ్, నన్ను తిట్టండి" అన్నారు. నాలుగోవాడు అనేసరికే గీత భగ్గున లేచింది. విశాలాక్షి తల పట్టుకుంది.

ఆ సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక ప్రసన్నాంజనేయులు గారు స్వయంగా వచ్చాడు, చేతిలో బందరు లడ్డూల పెట్టెతో. మంచం పక్కన పుస్తకం చదువుకుంటున్న కెజియాను, నిరుడు తాను వెనక్కి పంపిన పిల్లగా గుర్తుపట్టలేదు. బోర్డు మీద పేరుంది గానీ ముఖం లేదు కదా.

"కెజియా గారంటే మీరేనా అమ్మా! మా పిల్లలు మాటలు నేర్చుకున్నారు గానీ ఆ కిటుకు పట్టుబడటం లేదు. మీరే వచ్చి చెప్పాలి. ఫ్యాకల్టీగా తీసుకుంటాం. రెండు ముక్కలు ఫారంలో రాసేద్దాం. డిగ్రీ పర్సంటేజీ ఎంతమ్మా?"

"నలభై రెండు సార్."

ఆయన కలం ఆగింది. లడ్డూల పెట్టె మెల్లగా మళ్ళీ చంకలోకి వెళ్ళింది.

"అరవై లేందే మా దగ్గర ఫ్యాకల్టీకి పనికిరారమ్మా. రూలు. ఏమీ అనుకోకు. కెజియా మెథడ్ చెప్పడానికి మంచి మార్కులున్నవాళ్ళెవరన్నా తెలిస్తే చెప్పు."

కెజియా నవ్వబోయింది. నవ్వు రాలేదు. సరిగ్గా అప్పుడే గోడ మీది స్క్రీన్‌లో, సున్నా దగ్గర నిద్రపోతున్న గీత ఒక్కసారిగా లేచింది. ఎనిమిది. తొమ్మిది. అరచేతుల్లో చెమట పట్టి, వీరాస్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఓరి నీ దుంపతెగ!" అన్నాడు. "నీ లడ్డూలు పులిసిపోను! నీ అరవై శాతం అటకెక్క! పేరు దానిది కావాలి, పిల్ల అక్కర్లేదట్రా? నీ సెంటరుకి తాళం పడ, నిన్ను జెల్ల ముల్లు పొడవ..."

ప్రసన్నాంజనేయులు గారు మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. గోడ మీది ట్రాము ఎక్కేదాకా తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. అవి ఆగేసరికి గీత బుద్ధిగా సున్నాకి వచ్చి పడుకుంది.

గీత తొమ్మిది దాటితే మోగే అలారం విని విశాలాక్షి పరుగెత్తుకొచ్చింది.

"తొమ్మిది దాటింది! ఎవరు గుచ్చారు ఈయన్ని?"

"ఎవరూ గుచ్చలేదు మేడమ్. సూది ట్రేలోనే ఉంది."

విశాలాక్షి ట్రే చూసింది. చర్మం చూసింది. భయం కొలిచే మీటరు రికార్డు తిప్పి చూసింది, అందులో ఏమీ ఎక్కలేదు. "గాయం లేదు, భయం లేదు" అని గొణిగింది. "మరి ఈ నొప్పి ఎక్కడిది?"

కెజియా కొంగుతో వీరాస్వామి అరచేతుల చెమట తుడుస్తూ ఉంది.

"నన్నడుగుతారేం మేడమ్" అంది. "నాకు వచ్చింది నలభై రెండేగా!"