‘బి’ మర్చిపోయిన ప్రశ్న

“కృపా, బిందె ఖాళీగా ఉంది, తెలుసా?” వంటింట్లోంచి అమ్మ అడిగింది.

“తెలుసమ్మా,” అంది దేవకృప. అంది కానీ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. చిలకలగూడ మీద సన్నటి వాన పడుతోంది. చూరు నుంచి జారే ఒక్కో చుక్కలో ఒక్కో చిన్న ఇల్లు తలకిందులుగా వేలాడుతోంది.

వాన వల్లే ఇవాళ బడి మధ్యాహ్నం వదిలేశారు. ఐదో తరగతి గది కప్పు కారుతుంది. ఈ ఏడు బాగుపడకపోతే ఐదో తరగతే ఎత్తేస్తారట.

ఆ సంగతే పక్కింటి తుకారాం తాత అసెంబ్లీలో అడగబోతున్నాడు. ఆయన పోయినేడు ఎన్నికల్లో గెలిచిన మెంబరు. చూపు సరిగా ఆనదు. అందుకే తను చిత్తుగా రాసుకున్న ప్రశ్నల్ని దేవకృప చేత శుభ్రంగా తిరగరాయిస్తాడు.

“పోలీస్ యాక్షన్‌కు ముందు, నిజాం కాలంల మనల్ని ఎవరడగనిచ్చిండ్రు బిడ్డా? ఇప్పుడు మనం కాగితం మీద అడిగితే, మంత్రి సుత కాగితం మీదనే జవాబియ్యాలె. జెర మంచిగ రాయి,” అన్నాడు తాత ఆ సాయంత్రం.

“ఎ) మా పేట ఆడపిల్లల బడి కప్పు కారుతున్న సంగతి ప్రభుత్వానికి తెలుసా?” అని గుండ్రంగా రాసింది దేవకృప. సిరా ఆరేదాకా చూస్తూ కూర్చుంది. ఆ కాగితం కొంగలా రెక్కలు విప్పింది. హుస్సేన్ సాగర్ మీదుగా మెల్లగా ఎగిరింది. అసెంబ్లీ తెల్ల గుమ్మటం మీద వాలింది.

కొంగ వాలేసరికి సిరా ఆరింది. దేవకృప కాగితం తాతకిచ్చేసింది. తాత సంతకం పెట్టాడు.

పదిహేను రోజులకు జవాబొచ్చింది. దేవకృపే చదివింది.

“తెలుసు.”

“తర్వాత?”

“అంతే తాతా. ఒక్క మాటే.”

“గిదేందీ! ఎప్పటిలోగ బాగుచేస్తరో చెప్పలేదా?”

దేవకృప గబుక్కున లేచింది. తాత చిత్తుకాగితం తీసి చూసింది. కింద ఇంకో వరుస ఉంది: “బి) తెలిస్తే, ఎప్పటిలోగా బాగుచేస్తారు?”

చెప్పకపోతే తాతకు తెలియదు. కానీ బడి?

“నేనే వదిలేశాను తాతా,” అంది దేవకృప. “కొంగను చూస్తూ.”

“కొంగనా? ఏ కొంగనే?” తాత పకపకా నవ్వాడు. “మంత్రి అబద్ధమాడలే బిడ్డా. అడిగినంతకే చెప్పిండు. తెలుసన్నోడు తెలుసని ఊకె కూసుంటడు. ఎప్పుడు చేస్తవంటేనే లేస్తడు.”

దేవకృప చెవులు ఎందుకో వేడెక్కాయి.

మళ్లీ రాసింది. ఈసారి చిత్తుకాగితం మీద వేలు పెట్టి, వరుస వరుసా. మధ్యలో కొంగ వచ్చింది. రెండో వరుస అయ్యేదాకా దాన్ని ఆగమంది.

ఇంకో పదిహేను రోజులకు రెండో జవాబొచ్చింది. “ఎ) తెలుసు. బి) సెప్టెంబరు నెలాఖరులోగా.”

“నీ ఐదో తరగతి ఎక్కడికీ పోదు పో!” అన్నాడు తాత.

ఆ మాట అమ్మకు చెప్పాలని వానలోనే ఇంటికి పరుగెత్తింది. గడపలో ఉండగానే అమ్మ అడిగింది. “కృపా, బిందె ఖాళీగా ఉంది, తెలుసా?”

“తెలుసమ్మా...” అంది దేవకృప. అని ఆగింది. “బి, ఇప్పుడే తెస్తున్న.”

“బీ ఏందే?”

అమ్మ తొంగిచూసేసరికి బిందె లేదు, దేవకృపా లేదు. వాకిట్లో నల్లా కింద బిందె నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది.