లాక్రిమా అప్పజెప్పిన ఉదయం

మధ్యాహ్నం పన్నెండు. పాల్మాకుల. మంచం మీద ఈశ్వరయ్య శవం. కణత మీద దెబ్బ.

శంషాబాద్ నుంచి వచ్చిన ఎస్సై పూర్ణిమ వివరాలు రాబట్టింది. మిషన్ స్కూల్లో లాటిన్ చెప్పిన మనిషి. పక్షవాతంతో మాట పడిపోయినా కూతురు సుమలతకు పాఠం మానలేదు. ఆమె అప్పజెబుతుంటే, ఒప్పయితే చేతికర్రతో మంచంకోడు మీద ఒకసారి కొట్టేవాడు.

అనుమానం అదే ఇంట్లో కిరాయికున్న క్యాబ్ డ్రైవర్ శేఖర్ మీద. పదిన్నరకు ఇడ్లీ పట్టుకుని లోపలికి వెళ్లింది అతనొక్కడే. అప్పటికే ఒళ్లు చల్లబడిందని పాపం మొత్తుకుంటున్నాడు. అతని కోసం జీపు తలుపు తెరిచే ఉంది.

సుమలత మాట అతని మెడకు చుట్టుకుంది. ఈ ఉదయమే ఆమెకు ఆన్‌లైన్‌లో లాటిన్ పరీక్ష. అంతకు ముందు, తొమ్మిదింటికి, తండ్రి గది మూసిన తలుపు బయట నిలబడి అప్పజెప్పింది.

"లాక్రిమా అంటే కన్నీరు మేడమ్. పాత రూపం డాక్రుమా. లాక్రిమా, లాక్రిమే, లాక్రిమామ్... అన్నీ చెప్పిన. బాపు కర్ర కొట్టిండు."

పూర్ణిమ శవం మోచెయ్యి వంచబోయింది. వంగలేదు. మూడు గంటల్లో ఒళ్లు ఇంతగా బిగుసుకోదు. మరి కర్ర కొట్టిందెవరు?

ఇడ్లీ హోటల్ నుంచి ఎందుకు తెచ్చావని అడిగింది. గ్యాస్ అయిపోయిందంటూ ఈశ్వరయ్య భార్య భాగ్యమ్మ పొద్దున్నే పురమాయించిందన్నాడు శేఖర్.

పూర్ణిమ వంటింట్లోకి నడిచింది. గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. నాబ్ తిప్పి లైటర్ నొక్కింది. నీలిమంట లేచింది.

గుమ్మంలో భాగ్యమ్మ. పూర్ణిమ ఆమె వైపు తిరిగింది.

"గ్యాస్ ఉంది గదమ్మా. శవమున్న ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. నీకు పొద్దుగాలనే ఎరుక."

భాగ్యమ్మ కూలబడిపోయింది. తెల్లారకముందే ఆయన మంచం దిగబోయి పడ్డాడట. తల గోడకు తగిలిందట. ఎత్తి పడుకోబెట్టేసరికే అంతా అయిపోయింది. చెబితే పిల్ల పరీక్షకు కూర్చోదు. ఆయన ప్రాణం నిలుపుకున్నదే ఆ పరీక్ష కోసం. శేఖర్‌ను పట్టుకున్నాకైనా చెబుదామంటే, బిడ్డ ముందు నోరు పెగల్లేదు.

"కర్ర?"

"నేనే కొట్టిన. ఆయన కాళ్లకాడ కూసోని. తప్పో ఒప్పో నాకేం ఎరుక మేడమ్? నా బిడ్డ చెప్పిందంటే ఒప్పే అనుకున్న."

పూర్ణిమ పొయ్యి ఆపేసింది. శేఖర్‌ను వదిలేయమని కానిస్టేబుల్‌కు సైగ చేసింది.

వెనక సుమలత అంతా విన్నది. వెళ్లి మంచం పక్కన కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది. లాక్రిమా, లాక్రిమే, లాక్రిమామ్. చివరి రూపం దాకా తడబడకుండా చెప్పి, కర్ర వైపు చూస్తూ ఉండిపోయింది.

భాగ్యమ్మ చెయ్యి కర్ర దాకా పోయి వెనక్కి వచ్చింది.