తవిటినాయుడి కూత

డాక్టర్ వారిజ తవిటినాయుడి ఛాతీ మీద రూపాయి బిళ్లంత ప్యాచ్ అంటించి, గట్టిగా ఊపిరి పీల్చమంది. స్క్రీన్ మీద ఊపిరితిత్తులు నిండుగా పొంగాయి. చెడుగుడులో మోకాలు విరిగి, నొప్పి మాత్రలు మరిగి, నెమ్ము చేరి చావుదాకా వెళ్లొచ్చిన ఊపిరితిత్తులవి. అంతా తన వైద్యం గొప్పేననుకుంది ఆవిడ. ఏడాదిగా కాలవగట్టు మీద తమ్ముడి చేత కూత సాధన చేయించిన అక్క పైడితల్లి నవ్వుకుంది.

ఇంకా పరీక్షల్లో ఉన్న యంత్రం అది. ఆ మాత్రలు ఎక్కువైతే గాలి పీల్చాలన్న సంగతే మెదడు మరిచిపోతుంది. అర నిమిషం ఛాతీ గాలి పీల్చకపోతే ప్యాచ్ కేకపెట్టి, విరుగుడు సూది తనే పొడుస్తుంది.

"ఒంట్లో మాత్ర ఉంటే ఆ విరుగుడుకి వాంతులు, వణుకు. లేకపోతే మంచినీళ్లే," అని చూడవచ్చిన ఊరివాళ్లకీ చెప్పింది వారిజ.

"మానేశాడమ్మా. ఊరే నమ్మదు," అంది పైడితల్లి.

ఎలా నమ్ముతుంది? రెండుసార్లు ఒట్టేసి, రెండుసార్లూ గట్టున పెట్టినవాడాయె. పక్క ఊరితో పందెంలో కూడా, మిగతావాళ్లంతా అవుటయ్యాకే అతనికి కూత దక్కింది.

ఈ ఊళ్ల ఆటకి గడియారం లేదు, ఊపిరి ఉన్నంతసేపూ కూతే. ముగ్గురు అతని నడుం పట్టేశారు. గీత ఇంకా బారెడు దూరం. కూతలో గాలి బయటికి పోవడమే గాని లోపలికి రాదని ప్యాచ్ చేసిన ల్యాబ్‌లో ఎవరికి తెలుసు?

"ఊపిరి ఆగింది. మత్తుమందు మోతాదు మించింది," అని ప్యాచ్ ఊరంతటికీ వినపడేలా అరిచింది. సూది దిగింది.

"మళ్లీ మింగేసినాడ్రా," అన్నారెవరో.

పట్టినవాళ్లు హడలి వదలబోయారు. వదలొద్దని తల అడ్డంగా ఊపాడు తవిటినాయుడు. కూత ఆపకుండానే ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యి వేశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాంతి చేసుకుంటాడని చూశారు. అతను నిలబడి, చేతులకంటిన మట్టి దులుపుకుని, మంచినీళ్లడిగాడు. అప్పుడు మొదలయ్యాయి ఈలలు.

"యంత్రం తప్పు చెప్పింది, సరిచేస్తాను," అంది ఆట చూడవచ్చిన వారిజ చిన్నబోయి.

తమ్ముణ్ని జనం భుజాలకెత్తుకుంటుంటే, పైడితల్లి గర్వంగా తలెత్తి చూస్తూ అంది: "దాన్నేటీ అనకమ్మా. నాను ఏడాది నిజం చెప్తే ఎవులూ ఇన్నేదు. అది ఒక్క అబద్ధమాడితే ఊరంతా ఆ నిజాన్ని నమ్మింది."