సశేషము గారి ఇల్లు

మధ్యాహ్నం గంట ఇంకా కొట్టనే లేదు, అయిదో తరగతిలో సగంమంది సుగుణ బెంచీ చుట్టూ మూగేశారు. ఆ రోజు శుక్రవారం మరి. జ్ఞానయ్య మాస్టారు బీరువా తెరిచి బొమ్మల కథలు పంచే రోజు.

ఆ కథలు మద్రాసు నుంచి వారం వారం రైల్లో ఏలూరు వచ్చే పత్రికలో పడేవి. పేజీకి ఆరు బొమ్మలు, బొమ్మ కింద రెండేసి వాక్యాలు. మాస్టారు ఏ కథకా కథ పేజీలు విడదీసి, దారంతో కుట్టి, కట్టలు కట్టేవారు. మనిషికి ఒక్క కట్ట మాత్రమే ఇచ్చేవారు. అందుకే ఏది తీసుకోవాలో ముందుగా సుగుణని అడిగేవారు పిల్లలు.

సుగుణకి ఆ అధికారం ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. తనే తీసుకుంది. అడిగినదానికీ జవాబు చెప్పేది, అడగనిదానికీ చెప్పేది. నిజానికి అన్ని కట్టలూ చదివే ఓపిక తనకి లేదు. చివరి పేజీ తిప్పి చూసేది, అంతే.

ఎందుకంటారా? ఉత్తరం చివర రాసినవారి పేరు ఉంటుంది కదా. అలాగే ఈ కథల చివర, అడుగున, చిన్న అక్షరాలతో 'సశేషము' అని ఉండేది. కథ రాసినాయన పేరు అదేనని సుగుణ తేల్చేసింది. స అంటే ఇంటిపేరట. శేషము అసలు పేరట.

ఇంటిపేరు దగ్గర పెద్ద గొడవే అయింది. సరిపెల్ల వారే అయి ఉంటారు, మా మేనమామ గారి ఇంటిపేరూ అదే అన్నాడు బాపిరాజు. కాదు సరెళ్ళ వారు, మాదీ అదే అన్నాడు ఏసోబు. ఇద్దరి మధ్యా ఒక పలక విరిగింది. అప్పుడు సుగుణ లేచి నిలబడింది.

"ఎందుకర్రా కొట్టుకుంటారు? సశేషము గారు తాడేపల్లిగూడెంలో మా పెదనాన్నగారి పక్కింట్లోనే ఉంటారు. నేను అడిగి చెప్తాను."

ఆ మాట నోట్లోంచి జారాక సుగుణకి కొంచెం భయం వేసింది. కానీ గూడెం వెళ్ళి చూసొచ్చేదెవరులే అనుకుంది.

ఆ శుక్రవారం కట్టలు పంచుతుండగా వరమ్మ వచ్చింది. వాళ్ళది కొల్లేటి సరస్సు మధ్యలో ఒక లంక ఊరు. ఏలూరులో అత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. వాళ్ళ నాయనమ్మ హన్నమ్మకి మిషను ఆసుపత్రిలో కంటి ఆపరేషను చేసి ఇంటికి పంపారు. రెండు కళ్ళకీ కట్టు కట్టారు. పదిహేను రోజులు తల కదపకుండా వెల్లకిలా పడుకోవాలని, కదిలితే చూపు దక్కదని డాక్టరు దొరసానమ్మ గట్టిగా చెప్పింది. హన్నమ్మేమో క్షణం ఒకచోట కూర్చునే మనిషి కాదు. బడికి సెలవు పెట్టి లంకకి వెళ్ళి, ఆమెకి కథ చదివి వినిపించి పడుకోబెట్టే పని వరమ్మకి పడింది.

వరమ్మ చేతిలో అప్పటికే ఒక కట్ట ఉంది. పేరు 'గాజుల గుర్రం'. సుగుణ దాన్ని లాక్కుని చివరి పేజీ చూసి పెదవి విరిచింది.

"ఇది సశేషము గారిది కాదు. ఎవరో సమాప్తము గారట. కొత్తాయన అయి ఉంటారు, ఇంకా చెయ్యి తిరగలేదు. నువ్వు 'మొసళ్ళ కోట' పట్టుకెళ్ళు. అసలైన సశేషము గారి కథ."

వరమ్మ దణ్ణం పెట్టినంత పని చేసి 'మొసళ్ళ కోట' పట్టుకెళ్ళింది.

వారం గడిచింది. మళ్ళీ శుక్రవారం. మాస్టారు కొత్త పత్రిక విప్పుతుండగా గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. మోకాళ్ళదాకా బురద, భుజం మీద తువ్వాలు. వరమ్మ నాన్న పేతురు. మాస్టారికి దణ్ణం పెట్టి, సుగుణ అనే అమ్మాయి ఎవరండీ అని అడిగాడు.

సుగుణ లేచింది. పేతురు వచ్చిన పని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

కథ హన్నమ్మకి తెగ నచ్చిందట. వరమ్మ ఒక్కో బొమ్మా వర్ణించి చెబుతుంటే నాలుగు రోజులు కదలకుండా పడుకుందట. అయిదో రోజుకి కథలోని కుర్రాడు జయపాలుడు కోట గోడ మీంచి తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. కింద మొసలి నోరు తెరుచుకుని ఉంది. తాడు ఒక్క పురి మీద ఉంది. అక్కడితో కట్ట అయిపోయింది.

హన్నమ్మ ఊరుకుంటుందా? అది నారతాడా, కొబ్బరితాడా అని మొదలుపెట్టింది. కొబ్బరితాడైతే నానినా ఫరవాలేదట, నారతాడైతే కుర్రాడి పని అయిపోయినట్టేనట. వలలు, తాళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి తేలందే నిద్ర పట్టదు కదా. మంచం మీద అటూ ఇటూ దొర్లడం, లేచి కూర్చోవడం. రాసినాయన గూడెంలోనే ఉన్నాడని వరమ్మ చెప్పిన దగ్గర్నుంచీ ఒకటే పట్టు, నన్ను అక్కడికి తీసుకెళ్ళండి, కట్టుతోనే వస్తాను అని.

అందుకని పేతురు పని మానుకుని నిన్న రైలెక్కి గూడెం వెళ్ళాడు. స్టేషను నుంచి కాలువ గట్టుదాకా ఇంటింటా అడిగాడు. సశేషము గారిని ఎవరూ ఎరగరు. చివరికి ఎవరో ఎడ్లకి నాడాలు కొట్టే శేషయ్య దగ్గరికి తీసుకెళ్ళారు. తాను పుట్టి బుద్ధెరిగాక ఒక్క కార్డుముక్క కూడా రాయలేదని, ఎడ్లుంటే మాత్రం తోలుకురమ్మని శేషయ్య చెప్పాడట.

క్లాసంతా ఘొల్లుమంది. సుగుణకి నవ్వు రాలేదు.

"ఆయన... ఊరెళ్ళి ఉంటారండీ," అంది మెల్లగా.

పేతురు తల ఊపాడు. "అలాగా తల్లీ. ఎప్పుడొస్తారో చెప్పు, మళ్ళీ వెళ్తాను. వచ్చేదాకా మా అమ్మని ఎలాగో పట్టుకుంటాం. చూపు పోకుండా ఉంటే అదే చాలు."

కోప్పడితే బాగుండేది. సుగుణ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"వెళ్ళకండి బాబాయిగారూ. ఆయన నాకు తెలీదండీ. చూళ్ళేదండీ. ఊరికే చెప్పానండీ." తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారండీ, సశేషము గారి ఇల్లు ఎక్కడండీ?"

జ్ఞానయ్య మాస్టారు రెండుసార్లు అడిగించుకున్నారు. మూడోసారి అర్థమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి పాపం. చివరికి గొంతు సర్దుకుని, ఆ పేరుగల మనిషెవరూ లేరని చెప్పారు. శేషం అంటే మిగిలింది. సశేషము అంటే కథ ఇంకా మిగిలి ఉందని అర్థం. సమాప్తము అంటే అయిపోయిందని.

బాపిరాజు, ఏసోబు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనవసరంగా పలక పోయింది.

సుగుణకి ఇంకో సంగతి తట్టింది. వరమ్మ చేతిలో నిండు కథ ఉంటే లాక్కుని సగం కథ ఇచ్చి పంపింది తను. అదీ రెండూ చదవకుండా! సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

మాస్టారు తిట్టలేదు. ఆ రోజే వచ్చిన పత్రికలోంచి 'మొసళ్ళ కోట' కొత్త పేజీలు విడదీసి సుగుణ చేతిలో పెట్టారు. ఎవరు పట్టుకెళ్ళాలో నువ్వే ఆలోచించుకో అన్నారు.

ఆలోచించడానికేముంది? సాయంత్రం ఇంట్లో నాన్నగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన నవ్వాలో తిట్టాలో తెలియక కాసేపు మీసం దువ్వుకుని, పొద్దున్నే తానూ వస్తానన్నారు.

ఆ రాత్రి ఏలూరులోనే ఆగిన పేతురుతో కలిసి శనివారం బండి మీద కొల్లేటి అంచుదాకా వెళ్ళి, అక్కడి నుంచి అతని దోనెలో లంక చేరారు. వెళ్ళేసరికి హన్నమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. వరమ్మ ఆమె భుజాలు పట్టుకుని బతిమాలుతోంది.

"ఎవరొచ్చారు? శేషం గారేనా?" అంది హన్నమ్మ.

"కాదండీ మామ్మగారూ. సుగుణనండీ. శేషం గారు లేరండీ. తెలీకపోయినా తెలిసినట్టు చెప్పానండీ. నావల్లే బాబాయిగారు గూడెం తిరిగారండీ. ముందు మీరు పడుకోండి, తర్వాత భాగం తెచ్చాను."

హన్నమ్మ మొదట మండిపడింది. శేషయ్య, నాడాలు సంగతి విన్నాక నవ్వు తన్నుకొచ్చింది. నవ్వినా తల కదులుతుందని వరమ్మ మొత్తుకుంటే, నోట్లో కొంగు కుక్కుకుని పడుకుంది.

సుగుణ చదివింది. తాడు తెగింది. జయపాలుడు నీళ్ళలో పడ్డాడు. ఈదాడు, ఈదాడు, గట్టు దొరికింది. గట్టు మీద చెయ్యి వేసేసరికి వెనకనించి మొసలి కాలు పట్టుకుంది. పేజీ అయిపోయింది.

"నారతాడే. చెప్పానా," అంది హన్నమ్మ. తర్వాత చెయ్యి చాపి తడుముకుని సుగుణ మణికట్టు పట్టుకుంది. "పిల్లా, ఒక్క మాట చెప్పు. ఆ కుర్రాడు బతుకుతాడా?"

గుమ్మంలోంచి పేతురు బతుకుతాడని చెప్పమన్నట్టు గట్టిగా తల ఊపుతున్నాడు. చెబితే ముసలామె హాయిగా పడుకుంటుంది. చెప్పకపోతే మళ్ళీ లేస్తుందేమో. సుగుణ నాలిక చివరిదాకా వచ్చింది జవాబు.

"నాకు తెలీదండీ మామ్మగారూ," అంది సుగుణ.

హన్నమ్మ మణికట్టు మీద పట్టు ఇంకా బిగించింది.

"నిజంగా తెలీదా?"

"నిజంగా తెలీదండీ. శుక్రవారం పత్రిక వస్తుంది. శనివారం నేనే తెస్తాను. అందరం కలిసే తెలుసుకుందాం."

హన్నమ్మ ఆ చెయ్యి వదిలేసి, తల దిండుకి ఆనించి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

"అయితే సరే. శనివారందాకా కదలను," అంది.